బాగున్న రోజుల మందు

ప్రకాశం చెరుకుపల్లివాడు. వాళ్ళమ్మకి ఉబ్బసం. వరి నూర్పిళ్ళ రోజుల్లో కళ్ళంలో పనిచేసి వచ్చిందంటే వసారాలో కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి గాలి కోసం గింజుకునేది. ఆ ధూళి ఆమెకి పడటం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. పని మానమని మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. అట్లాంటి ఒక నూర్పిళ్ళ కాలంలోనే ఆమె పోయింది. అప్పటికి ప్రకాశం ఇంకా బళ్ళో చదువుతున్నాడు. అక్క విజయమ్మకి అప్పుడే రేపల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. తమ్ముణ్ణి తనతో తీసుకెళ్ళి పెంచింది, బాపట్లలో డిగ్రీ చదివించింది. అమ్మ ఉబ్బసం ఆమెకీ వచ్చింది.

డిగ్రీ అయ్యాక ప్రకాశం ఒక మందుల కంపెనీలో మెడికల్ రెప్పుగా చేరాడు. కాపురం తెనాలిలో. తిరగాల్సిన ఊళ్ళు తెనాలి, రేపల్లె, బాపట్ల. 1986లో అతని కంపెనీ ఉబ్బసానికి నీలం రంగు పంపు తెచ్చింది. నొక్కితే మందు ఆవిరిలా వస్తుంది, లోపలికి పీల్చాలి. ఆ పంపులున్న సంచి భుజాన వేసుకున్న మొదటి వారంలోనే అతను రేపల్లెలో బస్సు దిగి అక్క ఇంటికి వెళ్ళాడు.

క్రిస్మస్ ముందు రోజులవి. విజయమ్మ సున్నాలు వేయించడానికి అటక మీది సామాను దింపించి దులిపింది. ప్రకాశం గుమ్మంలోకి వచ్చేసరికి మంచం పట్టె పట్టుకుని వంగి నిలబడి ఉంది. గుండెలో పిల్లికూతలు వీధి గుమ్మం దాకా వినపడుతున్నాయి. బావ ఇస్సాకు చొక్కా తొడుక్కుంటున్నాడు.

"ఇంజెక్షన్ చేసే ఆయన్ని పిలుచుకొస్తా. నువ్వు అక్కని చూస్తా ఉండు" అన్నాడు.

"ఆగు బావా" అని ప్రకాశం సంచిలోంచి పంపు తీశాడు. "అక్కా, ఊపిరంతా బయటికి వదులు. నేను నొక్కుతా, మెల్లగా లోపలికి లాగు. లాగి బిగబట్టు."

మొదటిసారి మందంతా నాలిక మీదే పడింది. రెండోసారి కుదిరింది. కాసేపటికి కూతలు సన్నబడ్డాయి. ఇంకాసేపటికి ఆమె మంచం మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుని, "అమ్మకి ఇది ఉన్నట్టయితే" అంది.

ఆ రోజు నుంచి ప్రకాశం మందు అమ్ముతున్నట్టు కాకుండా మతం పుచ్చుకున్నట్టు తిరిగాడు. ప్రతి క్లినిక్కులోనూ చెప్పాడు. తెనాలిలో చలపతిరావు అని పెద్ద ప్రాక్టీసున్న డాక్టరు ఉండేవాడు. పొద్దున మొదలుపెడితే భోజనానికి లేచే తీరిక ఉండదు, అయినా ఎవర్నీ కసురుకోడు. ఆయన కూడా పంపు మాటెత్తితే నవ్వేవాడు.

"ఏమయ్యా ప్రకాశం, పంపు అలవాటైతే చచ్చేదాకా మానలేరంటున్నారు జనం. ఇంజెక్షన్ చెయ్యకుండా పంపితే నా దగ్గర్నుంచి లేచి పక్క వీధి డాక్టరు దగ్గరికి పోతారు. నన్నేం చెయ్యమంటావు?"

"అలవాటు కాదు సార్. మాత్రలో మందే, కాకపోతే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొంచెం వేస్తే చాలు."

"నాకు తెలుసయ్యా. వాళ్ళకి చెప్పు."

వాళ్ళకి చెప్పే అవకాశం రెప్పుకి ఎక్కడిది? అయినా వరండాలో కూర్చున్న రోగులకి కూడా చెప్పేవాడు. కాంపౌండరు వచ్చి "ఇక్కడ వ్యాపారం చెయ్యకండి సార్" అనేవాడు. అట్లా నాలుగైదేళ్ళు తిరిగితే నీలం పంపు కాస్త నిలదొక్కుకుంది. విజయమ్మ సంచిలో ఎర్రసిరా కలం పక్కన అదెప్పుడూ ఉండేది.

1991లో విజయవాడలో కంపెనీ మీటింగు పెట్టింది. ఊపిరితిత్తుల వైద్యం చదివిన ఒక పెద్ద డాక్టరు వచ్చి తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. ఉబ్బసం అంటే గొట్టాలు బిగుసుకోవడం ఒక్కటే కాదనీ, లోపలి పొర ఎప్పుడూ వాచి ఉంటుందనీ చెప్పాడు. నీలం పంపు బిగుసుకున్న గొట్టాన్ని వదులు చేస్తుంది, వాపుని ముట్టుకోదు. దాన్నే నమ్ముకుని మాటిమాటికీ పీల్చేవాళ్ళు ప్రమాదానికి దగ్గరవుతున్నారని విదేశాల్లో జరిగిన పరిశీలనల్లో తేలింది. వాపుని తగ్గించే మందు వేరే ఉంది. అది కొద్ది మోతాదు స్టెరాయిడ్, అదీ పంపులోనే. ఆయాసం ఉన్నా లేకపోయినా రోజూ పీల్చాలి. పీల్చగానే ఏమీ తెలియదు. రోజులూ వారాలూ గడిచాక తెలుస్తుంది.

ప్రకాశానికి కూర్చున్న కుర్చీ ఇరుకైనట్టు అనిపించింది. లేచి అడిగాడు.

"సార్, నీలంది వారంలో ఎన్నిసార్లు పట్టిందంటే జాగ్రత్తపడాలి?"

"రెండు మూడుసార్లు దాటి అవసరం పడుతోందంటే జబ్బు అదుపులో లేనట్టే" అన్నాడాయన.

మీటింగు అయ్యాక ప్రకాశం ఏరియా మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. గోధుమరంగు పంపు, అంటే ఆ రోజూ పీల్చే మందు, తమ కంపెనీది కూడా ఉంది. దాన్ని ముందుపెట్టి చెబుదాం అన్నాడు. మేనేజరు భుజం తట్టాడు.

"అది కదలని సరుకు ప్రకాశం. పీల్చగానే హాయిగా ఉండే మందునైతే రోగే వచ్చి అడుగుతాడు. పీల్చినా ఏమీ తెలియని మందుని ఎవడు కొంటాడు? నువ్వు నీలంది చూసుకో."

మర్నాడే ప్రకాశం రేపల్లె వెళ్ళాడు. అక్క వంటింట్లో ఉంది. "నీలంది ఎప్పుడెప్పుడు వాడుతున్నావక్కా?" అని అడిగాడు.

"అవసరమైనప్పుడల్లా."

"అంటే?"

"పొద్దున లేవగానే. బళ్ళో మెట్లెక్కాక. పడుకోబోయే ముందు. మధ్యలో ఎప్పుడన్నా." చారు పోపు వేస్తూనే చెప్పింది. "ఏం, బాగా పనిచేస్తోంది. నువ్వేం దిగులు పెట్టుకోకు."

అటక మీద బిస్కెట్ల డబ్బా నిండా ఖాళీ డబ్బీలున్నాయి. అన్నీ తను తెచ్చినవే. ప్రకాశం డబ్బా మూతపెట్టి సంచి తెరిచాడు. గోధుమరంగు పంపు తీసి, విజయవాడలో విన్నదంతా చెప్పాడు. రోజూ రెండు పూటలా పీల్చి నోరు పుక్కిలించమన్నాడు. ఆమె ఓపిగ్గానే విన్నది.

"ఇదీ నువ్వే తెచ్చావు, అదీ నువ్వే తెచ్చావు. అప్పుడు అదే ప్రాణం అన్నావు, ఇప్పుడు కాదంటున్నావు. రేపు ఇంకోటి తెస్తావా?"

"అప్పటికి తెలిసింది అంతేనక్కా. ఇప్పుడు ఇంకొంచెం తెలిసింది."

"సర్లే. నువ్వు చెప్పావుగా, పీలుస్తాలే."

వారం పీల్చింది. పైవారం అతను వెళ్తే పంపు మూత మీద దుమ్ము ఉంది. "నీళ్ళు తాగినట్టుందిరా, ఏం తెలియట్లేదు" అంది. పీల్చగానే తెలియకపోవడమే దాని పద్ధతి అని ఆమెకి ఎన్నిసార్లు చెప్పాడో. లెక్కల టీచరు ఆమె. చక్రవడ్డీ పిల్లలకి చెప్పగలదు, ఈ సంగతి మాత్రం తలకెక్కించుకోలేదు. తెనాలిలో చలపతిరావుగారిదీ అదే ధోరణి.

"స్టెరాయిడ్ అంటే మొహం ఉబ్బుతుందని భయపడతారయ్యా."

"అది మాత్రలు ఎక్కువ కాలం మింగితే కదండీ. ఇది పీల్చేది, మైక్రోగ్రాముల్లో ఉంటుంది. పుక్కిలిస్తే నోట్లో పూత కూడా రాదు."

"నీలంది వచ్చాక ఇక ఉబ్బసానికి భయం లేదన్నది నువ్వేగా?"

"నేనే సార్."

"మరి?" అని ఆయన తరవాతి చీటీ పిలిచాడు. ప్రకాశం సంచి మూసుకుని బయటికి వచ్చాడు. బాపట్లలోనూ అంతే. ఎక్కడికి వెళ్ళినా తను అంతకుముందు చెప్పిన మాటే తనకి అడ్డం నిలబడేది. తప్పు మాట చెప్పలేదు, సగం మాట చెప్పాడు. మిగతా సగం వినే ఓపిక ఎవరికీ లేదు.

1992 జనవరిలో చెరుకుపల్లిలో పినతల్లి ఇంట్లో పెళ్ళి. నూర్పిళ్ళు జోరుగా ఉన్నాయి. ఊరంతా తూర్పారబట్టిన పొట్టు, కాల్చిన గడ్డి పొగ. భోజనాల వేళకి విజయమ్మ పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. నీలం పంపు పీల్చింది. మళ్ళీ పీల్చింది. ఇస్సాకు ప్రకాశాన్ని కేకేసేసరికి ఆమె ఆపకుండా నొక్కుతూనే ఉంది. మాట రావడం లేదు. పెదాలు నల్లబడ్డాయి. పెళ్ళివారి కారులోనే తెనాలి తీసుకెళ్ళారు. దారంతా ప్రకాశం ఆమెని కూర్చోబెట్టి పట్టుకున్నాడు. తనకి తెలిసినదాంట్లో ఆ క్షణానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

చలపతిరావుగారు ఆక్సిజన్ పెట్టాడు, సెలైన్ పెట్టాడు, ఇంజెక్షన్లు చేశాడు. సాయంత్రానికి గానీ బయటికి రాలేదు. వచ్చి కళ్ళజోడు తుడుచుకుంటూ, "గండం గడిచింది. ఏమయ్యా, ఆ గోధుమరంగుది వాడించలేదా?" అని అడిగాడు.

ప్రకాశం ఆయన మొహంలోకి చూశాడు. "మీరు రాసివ్వండి సార్. నేను చెబితే వినట్లేదు" అన్నాడు. ఆయన రాసిచ్చాడు. అంతే కాదు, ఆ వారం నుంచి వేరేవాళ్ళకి కూడా రాయడం మొదలుపెట్టాడు. ప్రకాశానికి సంతోషం కలగాలి. అక్క పెదాలు నల్లబడితే తప్ప ఆ కలం కదల్లేదా అని అతనికి ఒళ్ళు మండింది.

ఈసారి విజయమ్మ వాడింది. భయపడింది కాబట్టి వాడింది. రెండు నెలలకి బడి మెట్లు ఆగకుండా ఎక్కింది. వానాకాలం వచ్చింది, పోయింది. నీలం పంపు సంచిలోంచి తీసే పనే పడలేదు. చర్చిలో కీర్తన అందుకుంటే చరణం చివరిదాకా గొంతు నిలిచేది. ఆ మరుసటేడు స్త్రీల సమాజం కూడికలో లేచి సాక్ష్యం చెప్పింది. పుట్టెడు ఉబ్బసం నుంచి ప్రభువు తనని విడిపించాడని చెప్పింది. ఆడవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. సమాజం ప్రెసిడెంటు పున్నమ్మగారు ఆమెని కావలించుకున్నారు. ఇంటికి వచ్చి విజయమ్మ గోధుమరంగు పంపుని బీరువాలో పెట్టేసింది.

ఈ సంగతి ఇస్సాకు చెబితే తెలిసింది. ప్రకాశం అప్పటికప్పుడు బస్సెక్కి వచ్చాడు.

"ఎందుకు మానేశావక్కా?"

"నయమైందని అందరి ముందూ చెప్పాను. చెప్పాక మళ్ళీ పీలిస్తే నమ్మనట్టు కాదూ?"

"నయమైంది ఆ మందు వాడబట్టే!"

"దేవుడికి నీ పంపే కావాలా నయం చెయ్యడానికి?"

"అక్కర్లేదు. కానీ పంపు ద్వారా చెయ్యకూడదని ఎక్కడ రాసుంది? కళ్ళజోడు పెట్టుకుని కాదూ నువ్వు బైబిలు చదువుతున్నది?"

ఆమె మొహం తిప్పుకుంది. ఇస్సాకు ఇద్దరి మధ్యా మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికిద్దామనుకున్నాడో ఆయనకే తెలియలేదు. ప్రకాశం అన్నం తినకుండానే వెళ్ళిపోయాడు.

తొలకరికి ఆయాసం తిరిగొచ్చింది. విజయమ్మ మళ్ళీ బీరువా తెరిచింది, కాకపోతే తలుపు గడియపెట్టుకుని పీల్చేది. బయట మాత్రం ఆమె విడుదల పొందిన మనిషే. తమ్ముడు వచ్చినప్పుడు ఆ మాట ఎత్తేది కాదు. వాడుతోందని ఇస్సాకు చెప్పాడు, అది చాలు అని ప్రకాశం నోరు మూసుకున్నాడు. మామూలుగా అయితే నోరు మూసుకోవడం అతని వల్ల అయ్యే పని కాదు. బాపట్ల బస్సులో పక్కవాడు దగ్గితే కూడా "ఏం వాడుతున్నారండీ?" అని అడిగే మనిషి.

1995లో విజయమ్మ క్లాసులో నూర్ బీ అనే పిల్ల చేరింది. వాళ్ళ నాన్న హుస్సేన్ పరుపులు కుట్టేవాడు. దూది ఏకేది ఇంటి వరండాలోనే. నెలలో సగం రోజులు పిల్ల బడికి రాదు. వచ్చినా ఆటల గంటలో గోడ నీడన కూర్చుంటుంది. ఒకనాడు ఎక్కం అప్పజెప్పడానికి లేచి, సగంలో ఆగి, భుజాలు ఎగరేసి గాలి పీలుస్తోంది. పిల్లలు నవ్వారు. విజయమ్మ నవ్వలేదు. ఆ భుజాలు ఆమెకి తెలుసు. సంచిలోంచి నీలం పంపు తీసి, కాగితాన్ని గరాటులా చుట్టి పిల్ల నోటికి పెట్టి నొక్కింది. క్లాసంతా చూసింది.

శనివారం సాయంత్రం నూర్ బీ తల్లి గౌస్ బీ విజయమ్మ ఇంటికి వచ్చింది. ప్రకాశం కూడా అక్కడే ఉన్నాడు.

"టీచరమ్మ గారూ, మీకు ప్రార్థన చేసుకుంటే తగ్గిపోయిందంట గదండీ. ఊళ్ళో అందరూ చెబుతున్నారు. మాది వేరే అయినా పర్లేదు, నా బిడ్డకి కూడా చేయించండమ్మా. మందులకి తిరిగి తిరిగి విసుగొచ్చేసింది."

విజయమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ప్రకాశం ఇక ఉండబట్టలేకపోయాడు.

"చెప్పక్కా. పొద్దునా సాయంత్రం గది తలుపు వేసుకుని ఏం పీలుస్తున్నావో చెప్పు. ఈ పిల్ల ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగుతావా?"

"అరవకురా" అంది విజయమ్మ. లేచి లోపలికి వెళ్ళింది. గోధుమరంగు పంపు తెచ్చి గౌస్ బీ చేతిలో పెట్టింది.

"ప్రార్థన చేస్తానమ్మా. దాంతో పాటు ఇది రోజూ పీలుస్తాను. మానేసి చూశాను, మళ్ళీ వచ్చింది. సోమవారం సెలవు పెడతా. బిడ్డని తీసుకుని తెనాలి వెళదాం."

చలపతిరావుగారు పిల్లని చూశారు. చిన్నపిల్లలు పంపు నొక్కే క్షణానికే పీల్చలేరు కాబట్టి ప్లాస్టిక్ సీసాలాంటి గొట్టం ఇచ్చారు. ఒక చివర పంపు పెట్టి నొక్కితే మందు అందులో నిలుస్తుంది, రెండో చివర నోరు పెట్టి నింపాదిగా పీల్చుకోవచ్చు. దూది ఏకే పని ఇంటికి దూరంగా పెట్టుకోమని హుస్సేన్‌కి కబురు చేశారు. నెలన్నరకి నూర్ బీ ఆటల గంటలో గోడ నీడ వదిలింది.

మూడో నెలలో హుస్సేన్ మందు మానిపించేశాడు.

"బాగున్న పిల్లకి మందెందుకండీ?" అని ప్రకాశాన్నే అడిగాడు. ఆ మాట ప్రకాశం తెనాలిలో విన్నాడు, బాపట్లలో విన్నాడు, సొంత అక్క నోట విన్నాడు. ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకురావాలి. అతనికి ఆ పరుపుల కొట్టు ముందే కూర్చుని ఏడవాలనిపించింది. "బాగుంది కాబట్టే" అని మాత్రం అనగలిగాడు. అది హుస్సేన్‌కి అర్థం కాలేదు.

విజయమ్మ వాదన పెట్టుకోలేదు. "ఇంట్లో ఎవరికీ గుర్తుండదులే. బళ్ళో నా దగ్గర పీలుస్తుంది" అని తల్లిని ఒప్పించింది. పొద్దున ప్రార్థన గంటకి ముందు స్టాఫ్ రూములో పిల్ల చేత పీల్పించేది. పిల్ల మొహమాటపడితే ముందు తను పీల్చేది. సాయంత్రం గంట కొట్టాక మళ్ళీ. అందరి ఎదటా జరిగే పని కాబట్టి నాలుగు రోజుల్లో సమాజానికి తెలిసిపోయింది.

పున్నమ్మగారు ఇంటికే వచ్చారు.

"అదేంటి విజయమ్మా, నీ సాక్ష్యం ఏమైనట్టు?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పలేదండి. ఈసారి కూడికలో చెబుతాను."

"ఇప్పుడు చెబితే పిల్లల విశ్వాసం దెబ్బతింటుంది. ఊరుకో."

ఆమె ఊరుకోలేదు. కూడికలో లేచి చెప్పింది. దేవుడు తనని కాపాడాడని మళ్ళీ చెప్పింది, రోజూ మందు పీలుస్తున్నానని కూడా చెప్పింది. ఈసారి ఎవరూ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. ఒకరిద్దరు ఆమెతో మాటలు తగ్గించారు. ఆ పై ఎన్నికల్లో ఆమె చేస్తున్న సమాజం సెక్రటరీ పదవి వేరేవాళ్ళకి పోయింది. వెనకవరసలో కూర్చున్న ఒకావిడ మాత్రం బయటికి వచ్చాక చెయ్యి పట్టుకుని, "ఆ మందు పేరేంటమ్మా? మా అల్లుడికి కూడా ఇదే" అని అడిగింది.

ఏటి అవతల బేరాలు బాగున్నాయని 1996 వేసవిలో హుస్సేన్ కుటుంబాన్ని తీసుకుని పెనుమూడి రేవు దాటి అవనిగడ్డ వైపు వెళ్ళిపోయాడు. గౌస్ బీ పంపూ గొట్టమూ మూటలో పెట్టుకుని వెళ్ళింది. తరవాత ఏ కబురూ లేదు. ప్రకాశం ఏటి అవతల తిరిగే రెప్పుని అడిగాడు. "మా వైపు ఏ షాపులోనూ గోధుమరంగుది లేదు గురూ, రాసే డాక్టరే లేడు" అన్నాడతను.

ఒక ఆదివారం ప్రకాశం పెనుమూడి వచ్చి పడవెక్కాడు. అవతల ఎండలో తిరిగి తిరిగి పరుపుల కొట్టు పట్టుకున్నాడు. పంపు అయిపోయి నెల దాటింది. "దొరకలేదండీ. అడిగితే నీలందే ఇస్తన్నారు" అంది గౌస్ బీ. పిల్ల కొట్టు అరుగు మీద కూర్చుని ఉంది. చెవి దగ్గర పెట్టి వింటే సన్నగా కూత. ప్రకాశం సంచిలో ఉన్న శాంపిళ్ళన్నీ అక్కడ పెట్టాడు. తరవాత రెండు మూడు ఆదివారాలు వచ్చి, ఒక మందుల షాపు ఆయన వెంటపడి, అది తెప్పించి ఉంచేదాకా వదల్లేదు. ఒక డాక్టరు చేత రాయించాడు. నూర్ బీకి మళ్ళీ కూత తగ్గింది. ఆ షాపులో ఆ మందు కొనేది దాదాపు ఆ ఒక్క ఇల్లే.

వేరేవాడి ఊళ్ళో నీకేం పని అని కంపెనీ నుంచి ప్రకాశానికి మెమో వచ్చింది. ఆ ఏడు రావలసిన ప్రమోషను నీలం పంపులు ఎక్కువ అమ్మిన ఇంకొకతనికి వెళ్ళింది. రేపల్లెలో భోజనం వడ్డిస్తూ విజయమ్మ అడిగింది.

"మెమోకి ఏం జవాబు రాశావు?"

"తప్పయిందని రాశాను."

"ఎందుకురా అట్లా రాశావు? చేసింది మంచిపనేగా!"

ప్రకాశం విసుగ్గా కంచం జరుపుకున్నాడు.

"గొడవెందుకక్కా? ఉద్యోగం పోతే శాంపిళ్ళు ఎక్కడ్నుంచి తేను? వచ్చే నెల మళ్ళీ అవతలికి వెళ్ళాలి. ఆ షాపాయన చెప్పకపోతే తెప్పించడు."